చెప్పాపెట్టకుండా

కూర్చోమన్నారు, సంతోషం.
నిలబడే చెబుతాను అధికారి గారూ.
ఆస్పత్రి లాండ్రీలో పదకొండేళ్లుగా నిలబడే పని,
కూర్చుంటే నా మాటలు ముడతలు పడతాయి.

పేరు డింఫ్నా కీహో.
సెయింట్ జాన్స్‌లో, రేవుకు దిగే వాలువీధిలో
ఆవపిండి రంగు చెక్కయింటి పైవాటా నాది.
కింద ఎవరూ లేరు. తాళంచెవులు రెండు:
ఒకటి నాది, ఒకటి నోస్‌వర్థీ గారిది.

దాన్ని కేప్లిన్ అని పిలిచేదాన్ని.
వేసవి మొదట్లో ఒడ్డుకు పొర్లివచ్చే చిన్న చేపల పేరు;
ఆ వారమే కొన్నాను గనక.
కాకటీల్ పిట్ట. తలమీద పసుపు కుచ్చు,
చెంపల మీద నారింజ చుక్కలు,
అప్పుడే ఎవరో ముద్దుగా గిల్లినట్టు.
తూకమా? మా ఆస్పత్రి సబ్బుబిళ్లంత.

గోడలకు చెవులుంటాయంటారు.
మా ఇంట్లో అవి పంజరానికి ఉండేవి.
కెటిల్ కూత, పొగమంచులో ఓడల హారన్,
పక్కింటి ముసలాయన తుమ్ము,
అన్నీ అరువు తెచ్చుకుని నాకు వినిపించేది.
మార్చిలో కొత్తది నేర్చింది:
తాళంలో చెవి తిరిగే చప్పుడు,
ఆపైన ఒక పొడి దగ్గు,
ఆపైన రెండు ఈలలు, రెండోది కాస్త కిందికి జారుతూ.

నాకు దగ్గు లేదు.
ఈల వేయడం చేతకాదు.
నవ్వుకున్నాను అధికారి గారూ. అదొక్కటే నా తప్పు.
నవ్వుకుని, చెల్లెలికి పంపుదామని ఫోనులో పట్టాను.

ఏప్రిల్ తొమ్మిది, మంగళవారం.
నేను పనిలో ఉండగా ఆయన వచ్చి
స్నానాలగదిలో బూజుకు మందు పూశారు.
మందంటే లక్క ప్రైమర్, రెండు పూతలు.
గాలి రివ్వున కొడుతోందని కిటికీలు మూశారు,
గోడ ఆరాలని లోపలి తలుపు తెరిచి వెళ్లారు.
తలుపుకు ఎదురుగా వంటగది.
వంటగదిలో పంజరం.

మెట్ల మొదట్లోనే ముక్కు చెప్పేసింది.
ఎలా ఎక్కానో తెలీదు. బూట్లు విప్పలేదని మాత్రం గుర్తు.
అడుగున, గింజల పొట్టులో, పక్కకు ఒరిగి ఉంది.
ఒక కాలు ముడుచుకుంది.
కుచ్చు మాత్రం నిక్కి ఉంది,
ఎవరో వస్తున్నట్టు.

నోటీసు ముందే ఇచ్చానంటున్నారు. ఇదిగో ఆ కాగితం,
తలుపు కింద దొరికింది, తేదీ ఏడు.
ఫోటో చూడండి: చుట్టూ నేలంతా రంగుచుక్కలు,
కాగితం మీద ఒక్కటీ లేదు.
ఎత్తితే కింద రెండున్నాయి, ఆరిపోయి.

రంగు ఊరికే వేశారట, అద్దె పెంచలేదట.
పిట్ట నూట ఎనభై డాలర్లట,
తొమ్మిదేళ్లు వాడిన ఫ్రిజ్జుకు తగ్గినట్టే
దాని ధరా తగ్గాలట.
అలాగే తగ్గించండి. నేను బేరానికి రాలేదు.
ఇది వినండి చాలు. పదహారు సెకన్లు.

చెవి తిరిగింది.
దగ్గు.
రెండు ఈలలు.

గదిలో ఎవరూ కదల్లేదు.
నోస్‌వర్థీ గారి చెయ్యొకటి
దానంతటదే
కోటు జేబులోకి వెళ్లి, తాళాల గుత్తిని
గట్టిగా పట్టుకుంది, మోగకుండా.

*

ఉత్తర్వు మూడు వారాలకు వచ్చింది.
పిట్టకు తొంభై. చెప్పకుండా దూరినందుకు
ఒక నెల అద్దె వాపసు. తాళం మార్చుకోవచ్చు.
పిట్టంత ప్రాణం అన్నమాట ఎవరన్నారో గాని
దానికి రేటు మాత్రం రాయలేదు.

కొత్త తాళం కాస్త బిగువు.
సాయంత్రం మెట్లెక్కి చెవి తిప్పుతాను,
లోపలికి వెళ్లకుండా గడపలో ఒక్క క్షణం ఆగుతాను.

ఆ చప్పుడు ఇప్పుడు
ఒక్కసారే వినిపిస్తుంది.